నెత్తి సరే... గడ్డం మాటేమిటి?

2021 సెప్టెంబరు 10, వినాయక చవితి. రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో హైదరాబాద్ దుర్గం చెరువు తీగల వంతెన దాటి ఐకియా వైపు వెళ్తున్న ఓ ట్రయంఫ్ బండి రోడ్డు మీది ఇసుకకు జారింది. నడుపుతున్నది హీరో సాయిధరమ్ తేజ్. కాలర్ బోన్ విరిగింది, స్పృహ పోయింది. ఆస్పత్రి నుంచి ఇల్లు చేరేసరికి విజయదశమి వచ్చేసింది. ఆ ఏడాది ఆయన పుట్టినరోజు కూడా అదే రోజు. తలకు హెల్మెట్ ఉండబట్టే ప్రాణం దక్కిందని అప్పుడే అంతా అన్నారు. తేజ్ కూడా వేదిక ఎక్కినప్పుడల్లా ఆ మాట చెబుతూనే ఉన్నాడు.

కాబట్టి పెట్టుకోవాలా వద్దా అన్న వాదన తేలిపోయినట్టే. ఇంకా తేలలేదనుకునేవారికి కేంద్ర రవాణా శాఖ లెక్కలు చాలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. హెల్మెట్ లేకుండా పోయినవారే 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. వివిధ దేశాల్లో జరిగిన 61 అధ్యయనాలను కలిపి 2008లో కోక్రేన్ సంస్థ ఒక సమీక్ష వేసింది. హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతుందని అందులో తేలింది.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఏ హెల్మెట్?

హైదరాబాద్ కోఠి పక్కన పుత్లీబౌలిలో బండ్ల సామాన్ల దుకాణాల ముందు నిలబడితే తల పైకెత్తి చూడాల్సిందే. నేల నుంచి కప్పు దాకా హెల్మెట్లే. గుండుకు సగమే వచ్చే టోపీ రకం, మొహం తెరిచి ఉండేది, మొహమంతా మూసేది, ముందు భాగం పైకి లేచేది, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కుతో బురద రేసుల రకం. షాపులో కుర్రాడు అడిగే ప్రశ్నలు రెండే: ‘ఏ బండి అన్నా? బడ్జెట్ ఎంత?’ తల కొలత ఎంత అని అడిగేవాడు అరుదు. కొనేవాడు కూడా రంగు చూసి, స్టిక్కర్ చూసి, అద్దంలో మొహం చూసుకుని డబ్బులు కట్టేస్తాడు. చెప్పుల షాపులో నాలుగు జతలు తొడిగి, అటూ ఇటూ నడిచి చూస్తే గానీ కొనని మనిషి ఇక్కడ రెండు నిమిషాల్లో బయటపడతాడు.

ఈ రకాల మధ్య తేడా ఏమిటో తెలియాలంటే ముందు హెల్మెట్ ఏం చేస్తుందో తెలియాలి. చాలామంది అనుకునేట్టు పైన ఉండే గట్టి డొప్ప ఒక్కటే తలను కాపాడదు. దాని పని గుచ్చుకునే వాటిని ఆపడం, తగిలిన దెబ్బను పక్కలకు పంచడం, రోడ్డు మీద తలను జారనివ్వడం. ప్రాణం నిలిపేది దాని లోపలి థర్మోకోల్ పొర. టీవీ పెట్టెలో వచ్చే జాతిదే, కాకపోతే తగిన సాంద్రతతో పోసింది. తల నేలకు తగిలిన ఆ లిప్తపాటులో అది నలిగి, దెబ్బలోని శక్తిని తాను మింగుతుంది. పుర్రె ఆగిపోయినా లోపల మెదడు ఆగకుండా వెళ్లి గోడకు కొట్టుకునే వేగాన్ని తగ్గిస్తుంది. ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్లీ ఉబ్బదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత నిగనిగలాడినా దాని పని అయిపోయినట్టే.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. యూరప్‌లో ఏళ్ల తరబడి అమల్లో ఉండిన ఈసీఈ 22.05 ప్రమాణంలో హెల్మెట్‌ను ఇనుప దిమ్మె మీద పడేసి పరీక్షించిన వేగం సెకనుకు ఏడున్నర మీటర్లు, అంటే గంటకు 27 కిలోమీటర్లు. వంద మీద పోయే బండికి 27 వేగం పరీక్ష ఏం సరిపోతుందని అనిపిస్తుంది. జారి పడిన మనిషి చాలాసార్లు రోడ్డు వెంట వంద వేగంతో జారతాడు గానీ, తల నేలను తాకే వేగం మాత్రం అది ఎంత ఎత్తు నుంచి పడిందన్నదాన్ని బట్టే ఉంటుంది. దీన్నే తిరగేసి చూడండి. ఆగి ఉన్న బండి మీద నుంచి, సుమారు ఐదుంపావు అడుగుల ఎత్తు నుంచి తల పడినా నేలను తాకేసరికి దాని వేగం గంటకు 20 కిలోమీటర్లు. ‘ఇక్కడిదాకానే కదా, కూరగాయలకే కదా’ అనేవాళ్లకు ఈ ఒక్క లెక్క చాలు.

హెల్మెట్ చరిత్ర కూడా ఒక బండి ప్రమాదంతోనే మలుపు తిరిగింది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో బ్రఫ్ సుపీరియర్ బండి నడుపుతూ, సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడ్డాడు. ఆరు రోజులకు కన్నుమూశాడు. అతన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆయన అక్కడితో వదిలిపెట్టలేదు. యుద్ధకాలంలో సైన్యపు మోటారు సైకిల్ వార్తాహరుల తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ఎంత మేలు చేస్తుందో 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ ఏడాదే సైన్యం తన బండి సవారులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. బ్రిటన్‌లో సామాన్యులకు ఆ చట్టం రావడానికి మాత్రం 1973 దాకా పట్టింది.

అప్పటి హెల్మెట్లన్నీ నెత్తినే కాచేవి. మొహమంతా మూసే హెల్మెట్‌ను 1960ల రెండో సగంలో అమెరికాలో బెల్ కంపెనీ ‘స్టార్’ పేరుతో తెచ్చింది. 1968లో డాన్ గర్నీ దాన్ని పెట్టుకుని ఫార్ములా వన్ పోటీలో దిగాడు. గడ్డం ముందు అడ్డంగా వచ్చే ఆ కమ్మీని మన షాపుల్లో చిన్ గార్డ్ అంటారు. రకాల మధ్య అసలు తగువంతా ఈ కమ్మీ దగ్గరే.

జర్మనీలో డైట్‌మార్ ఓటే అనే పరిశోధకుడు ప్రమాదాల్లో హెల్మెట్‌కు ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో పటం వేసి చూశాడు. నడినెత్తి మీద పడ్డవి చాలా తక్కువ. గడ్డం, దవడ భాగాల మీద పడ్డవి దాదాపు మూడో వంతు. మనిషి ముందుకు పడతాడు, మొహం నేలకు కొట్టుకుంటుంది. వింతేమీ లేదు. కానీ మన వీధుల్లో ఎక్కువగా కనిపించే చవక హెల్మెట్లు కాపాడేది ఆ నడినెత్తినే.

ఆ లెక్కన చూస్తే టోపీ హెల్మెట్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెవుల పైనే ఆగిపోతుంది. కణతలకు, మెడ పైభాగానికి, మొహానికి దిక్కు లేదు. అది పోలీసుల కోసం పెట్టుకునేది. భవన నిర్మాణ కూలీల పసుపు టోపీ, క్రికెట్ హెల్మెట్ పెట్టుకుని సిగ్నల్ దాటేవాళ్లదీ ఇదే కోవ. పై నుంచి ఇటుక పడితే ఆపడానికి చేసిన టోపీ, తలే వెళ్లి రోడ్డును గుద్దుకుంటే ఆపలేదు.

మొహం తెరిచి ఉండేది, షాపు భాషలో ఓపెన్ ఫేస్, టోపీ రకం కంటే ఎంతో మెరుగు. కణతలు, చెవులు, తల వెనక భాగం అన్నీ లోపలే ఉంటాయి. గాలి ఆడుతుంది. కళ్లజోడు తీయక్కర్లేదు, పెట్రోల్ బంకులో మాట్లాడటానికి విప్పక్కర్లేదు. స్కూటీ మీద బడికీ బ్యాంకుకూ తిరిగేవాళ్లు, బుల్లెట్ మీద పాతకాలపు దర్జా కోరుకునేవాళ్లు దీన్నే ఇష్టపడతారు. ఆ ఇష్టాన్ని తప్పు పట్టలేం గానీ, ఆ మూడో వంతు దెబ్బల ముందు మొహాన్ని ఖాళీగా వదిలేస్తున్నామన్న సంగతి తెలిసే కొనాలి. ముందున్న గ్లాసు దుమ్మును ఆపుతుంది, దవడను కాదు.

ఇక మొహమంతా మూసేది, అదే ఫుల్ ఫేస్. దాని మీద ఫిర్యాదులు అందరికీ తెలిసినవే. ఉక్కపోత, బరువు, వెనక హారన్ వినపడదు, పక్కలు కనపడవు. ఇందులో చివరి రెండూ నిలబడవు. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో 900 బండి ప్రమాదాలను ఒక్కొక్కటిగా శోధించి 1981లో నివేదిక ఇచ్చింది. అవసరమైన రోడ్డు చప్పుళ్లు హెల్మెట్ వల్ల వినిపించకుండా పోలేదని, ప్రమాదానికి ముందు చూపు తగ్గలేదని అందులో తేల్చి చెప్పారు. యూరప్, అమెరికా ప్రమాణాల్లో ఎదురు నుంచి అటూ ఇటూ 105 డిగ్రీల దాకా చూపుకు అడ్డు రాకూడదన్న షరతు ఉంది. భుజానికి సూటిగా కాక, కాస్త వెనక్కి కూడా అన్నమాట.

ఉక్కపోత మాత్రం నిజం. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మిట్టమధ్యాహ్నం సిగ్నల్ దగ్గర నిలబడ్డ మనిషికి గడ్డం మీద పరిశోధనల గురించి చెప్పబోతే తిడతాడు. అందుకే కొనేటప్పుడే పైన, గడ్డం దగ్గర గాలి రంధ్రాలు తెరిచి మూసేలా ఉన్నాయా, లోపలి థర్మోకోల్‌లో ఆ గాలి వెనక్కి పోయేందుకు కాలువలు ఉన్నాయా అని మెత్తలు తప్పించి చూడాలి. చవక రకాల్లో పైన రంధ్రం బొమ్మే ఉంటుంది, లోపలికి దారి ఉండదు. నలుపు బదులు తెలుపో లేత రంగో తీసుకుంటే ఎండకూ మేలు, రాత్రి లారీ డ్రైవర్ కంటికీ ఆనుతుంది. మెత్తలు ఊడదీసి ఉతుక్కునేవైతే వాసన బాధ తప్పుతుంది.

బడ్జెట్ కుదిరినవారిని ఈ మధ్య ఎక్కువగా లాగుతున్నది ఫ్లిప్ అప్ రకం. మీట నొక్కితే గడ్డం కమ్మీ మొత్తం నుదుటి మీదకు లేస్తుంది. 1980ల ఆరంభంలో బీఎండబ్ల్యూ తెచ్చిన ‘సిస్టమ్’ హెల్మెట్‌తో దీనికి పేరొచ్చింది. కళ్లజోడు వాళ్లకు, దారి పొడవునా ఫోన్ చూపించి అడ్రస్ అడగాల్సిన డెలివరీ కుర్రాళ్లకు ఇది వరమే. అయితే మడత బందులు, తాళం ఉండబట్టి మామూలు ఫుల్ ఫేస్ కంటే కాస్త బరువు. ఆ తాళం దెబ్బకు నిలుస్తుందా అన్నది మరో ప్రశ్న. బ్రిటన్ ప్రభుత్వం 2007లో మొదలుపెట్టిన ‘షార్ప్’ రేటింగ్‌లో ఇలాంటి హెల్మెట్లకు నక్షత్రాలతో పాటు, పరీక్షల్లో కమ్మీ ఎన్నిసార్లు ఊడకుండా నిలిచిందో కూడా శాతాల్లో చెబుతారు. జపాన్ కంపెనీ అరాయ్ అయితే కోడిగుడ్డులా నున్నగా ఉండే డొప్పనే నమ్ముకుని ఈ రకం జోలికి పోలేదు.

యూరప్ ముద్ర ఉన్న ఫ్లిప్ అప్ కొంటే గడ్డం పట్టీకి కుట్టిన చిన్న తెల్ల గుడ్డ మీద అక్షరాలు చదవాలి. ‘పి’ ఉంటే గడ్డం కమ్మీ రక్షణ ఇస్తుందని పరీక్షించినట్టు. ‘జె’ ఉంటే మొహం తెరిచే రకం. ‘పి/జె’ అని ఉంటే మూసినా తెరిచినా రెండు విధాలా పరీక్షకు నిలిచినట్టు. ‘ఎన్‌పీ’ అని ఉంటే ఆ కమ్మీ అలంకారమే, రక్షణకు కాదని కంపెనీయే ఒప్పుకున్నట్టు. గోరంత గుడ్డ ముక్క మీద ఇంత సమాచారం ఉంటుంది, సేల్స్‌మన్ నోట మాత్రం రాదు.

బురద రేసుల రకం, దానికి గ్లాసు తగిలించిన అడ్వెంచర్ రకం లద్దాఖ్ మోజుతో మన ఊళ్లకూ వచ్చాయి. కొండ దారుల్లో, తక్కువ వేగంలో బాగుంటాయి. విజయవాడ హైవే మీద వంద దగ్గర ఆ ముక్కు గాలిని పట్టి తలను వెనక్కి గుంజుతుంది. ఎక్కువగా తార్రోడ్డు మీదే తిరిగేవారికి అనవసరపు ఖర్చు.

రకం ఏదైనా, కొలత తప్పితే అన్నీ వృథా. ఈ విషయం మీద కాస్త ఆగాలి.

దర్జీ టేపును కనుబొమలకు వేలెడు పైన, చెవుల మీదుగా, తల వెనక బాగా ఉబ్బిన చోట నుంచి తిప్పి చూడాలి. మన హెల్మెట్ల లోపల 570, 580, 600 అని ఉండే అంకెలు మిల్లీమీటర్లలో తల చుట్టుకొలతే. 58 సెంటీమీటర్ల తలకు 580. అయితే చుట్టుకొలత ఒకటే అయినా తలలు ఒకటి కావు. కొందరిది ముందు వెనకలకు కోల, కొందరిది గుండ్రం. ఒక కంపెనీ 580 సరిపోయినవారికి ఇంకో కంపెనీ 580 నుదుటి మీద పొడవచ్చు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఆర్డర్ పెడితే తేలనిది ఇదే.

షాపులో పెట్టుకున్నాక బుగ్గలు కాస్త లోపలికి నొక్కుకుపోవాలి, అద్దంలో చూసుకుంటే నవ్వొచ్చేంత. నుదుటికీ మెత్తకూ మధ్య వేలు దూరకూడదు. హెల్మెట్‌ను రెండు చేతులా పట్టుకుని పక్కలకు తిప్పితే నుదుటి చర్మం దాంతో పాటే కదలాలి. చర్మం నిలిచిపోయి హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది వదులు. గడ్డం పట్టీ బిగించి, వెనక అంచు కింద చెయ్యి పెట్టి ముందుకు ఎత్తమని పక్కనున్నవారికి చెప్పాలి. ఊడి వచ్చిందంటే రేపు రోడ్డు మీదా అంతే. అన్నీ కుదిరాయనిపించినా పది నిమిషాలు తల మీదే ఉంచుకోవాలి. తీశాక నుదుటి నడుమ ఎర్రటి మచ్చ పడి నొప్పి పుడితే ఆ ఆకారం ఆ తలకు కాదు. కొత్తది బుగ్గల దగ్గర బిగువుగా ఉండటం మంచిదే, కొన్ని వారాల్లో మెత్తలు అణుగుతాయి. ‘కొంచెం లూజుగా ఉంటే ఫ్రీగా ఉంటుంది మేడమ్’ అనే సలహాను మాత్రం అక్కడే వదిలేయాలి. కొప్పు, జడపిన్నులు, పెద్ద క్లిప్పు ఉంచుకుని కొలత చూసుకున్నా పొరపాటే. జుట్టు దించి కట్టుకునే చూడాలి.

మరి పట్టీ? మెట్టు మెట్టుగా టకటక బిగిసే రకం రోజువారీ వాడకానికి తేలిక. రేసుల్లో వాడే రెండు రింగుల పట్టీ ఏ పూటకాపూట సరైన బిగువు ఇస్తుంది, కాస్త అలవాటు కావాలి. ఏదైనా బిగించాలి. పట్టీ వదిలేసిన హెల్మెట్ తల కంటే ముందే రోడ్డు మీద దొర్లుతుంది. పోలీసు కనపడేదాకా మోచేతికి తగిలించుకుని తిరిగేవారి సంగతి వేరే చెప్పాలా!

ఇక ముద్ర. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బండి హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం మన దేశంలో నేరం. హైవే పక్కన తాళ్లకు వేలాడుతూ రెండు మూడొందలకు దొరికేవాటి మీదా ఆ గుర్తు స్టిక్కర్ కనిపిస్తుంది. నిజమైనదైతే గుర్తు పైన ఐఎస్ 4151 అన్న అంకె, కింద సీఎం/ఎల్ అక్షరాలతో లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును, ఐఎస్ఐ గుర్తునిచ్చే బీఐఎస్ సంస్థ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే కంపెనీ పేరు, ఊరు వచ్చేస్తాయి. 2025 జూన్ నాటికి దేశంలో ఈ లైసెన్సు ఉన్న తయారీదారులు 176 మంది. యాప్‌లో వచ్చిన పేరు హెల్మెట్ మీది పేరుతో కలవకపోతే తిరిగి ఇచ్చేయడమే. వెయ్యి, పన్నెండొందలకు నికార్సైన ఐఎస్ఐ ఫుల్ ఫేస్ దొరుకుతోంది. యాభై వేలు దాటే విదేశీ సరుకులో బరువు, గాలి, చప్పుడు, పనితనం అన్నీ మెరుగే. కానీ వదులుగా ఉన్న యాభై వేల దాని కంటే తలకు అతికినట్టున్న పన్నెండొందలదే నయం.

చాలామంది అడగని హక్కు ఒకటుంది. కొత్త బండి కొన్నప్పుడు బీఐఎస్ ప్రమాణానికి సరిపడే హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన చెబుతోంది. షోరూంలో ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే అడగండి. కాకపోతే అది మీ తల కొలత చూసి ఇచ్చింది కాదు. సరిపోకపోతే మార్చమనాలి.

వెనక కూర్చునేవారిది ఇంకో కథ. చట్టం ఇద్దరికీ ఒక్కటే. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూడా సరిపడే హెల్మెట్, నడిపేవారికి కట్టే జీను ఉండాలని, బండి 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. రోజూ పొద్దున బడి వేళకు ఏ వీధిలో నిలబడినా కనిపించేది వేరు. నాన్నకు హెల్మెట్, యాక్టివా ముందు నిలబడ్డ బాబుకు బడి టోపీ, ఒక పక్కకు కూర్చున్న అమ్మకు కొంగు. ఇంట్లో ఒక్క హెల్మెట్‌కే డబ్బుంటే అది ఎవరి తలకన్న ప్రశ్న ఎంత ఇబ్బందికరమో, మంచి ఫుల్ ఫేస్ ఒకటి కొనే బదులు అదే డబ్బుతో రెండు టోపీలు కొనడం అంత దండగ.

కొన్నాక చూసుకోవాల్సినవి కొన్నే. బండి అద్దానికి తగిలిస్తే అద్దం మొన లోపలి థర్మోకోల్‌ను గుంట చేస్తుంది. పెట్రోలు, థిన్నరు తగిలితే డొప్ప, థర్మోకోల్ రెండూ దెబ్బతింటాయి. సబ్బు నీళ్లు చాలు. నల్ల గ్లాసు పగలు హాయి, రాత్రి గండం. గీతలు పడ్డ గ్లాసు మీద ఎదురు లైటు పడితే రోడ్డే కనపడదు, కాబట్టి గ్లాసును ఎప్పటికప్పుడు మార్చుకోవాలి. చెమట, ఎండ తిన్న హెల్మెట్‌కు ఐదేళ్లు దాటితే సెలవివ్వాలన్నది తయారీదారుల మాట. లోపల తయారైన నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి.

అలా సెలవిచ్చినదాన్ని, లేదా ఒకసారి దెబ్బ తిన్నదాన్ని ‘బాగానే ఉందిగా’ అని వాచ్‌మన్‌కో, పనమ్మాయి వాళ్లాయనకో ఇచ్చేయకండి. మీ తలకు పనికిరానిది వారి తలకూ పనికిరాదు. పట్టీ కత్తిరించి మరీ చెత్తబండికి వేయండి.